పట్టీ పొడుగెంత, బావా?

"తోలు ఇంతే మిగిలింది బావా. ఒక్క పట్టీకే వస్తుంది. కొలత తప్పి కోశానంటే రేపు ఆ కెమెరా మోసేవాళ్ళ భుజం ఊడి చేతికొస్తుంది. పొడుగెంతో చెప్పెయ్, కోసేస్తాను," అన్నాడు మూకాష్, కత్తి తీసి బల్ల మీద పెడుతూ.

మూకాష్ జీనులు కుట్టేవాడు. కోచ్‌కోర్ సంతవీధిలో తుర్దుగుల్ టీకొట్టు పక్కనే అతని దుకాణం; ఇప్పుడు తోలూ కత్తీ పట్టుకొచ్చి ఆ టీకొట్టులోనే కూర్చున్నాడు. బావ అంటే బైషెనాలి. మూకాష్ అక్క బురుల్‌ని చేసుకున్నాడు, చుట్టుపక్కల పెళ్ళిళ్ళకీ గుర్రప్పందేలకీ ముప్పై ఏళ్ళుగా ఫొటోలు తీస్తున్నాడు. మనిషి తలుపంత ఉంటాడు, గొంతు దానికి తగ్గట్టే ఉంటుంది. రేపు సోన్‌కోల్ సరస్సు పక్క పచ్చికలో కోక్‌బోరు, గుర్రాల మీద మేక కోసం పెనుగులాడే పెద్ద ఆట. లారీ తెల్లారకముందే బయల్దేరుతుంది. పొడుగు లెన్సుతో కలిపి కెమెరా ఆరు కిలోలు, పాత పట్టీ చూస్తే పనికిరాకుండా పోయింది. అంచేత కొత్త పట్టీ ఈ మధ్యాహ్నం కుదిరితే కుదిరినట్టు, లేకపోతే లేదు.

బైషెనాలి నూనెలో వేయించిన బోర్సోక్ పిండిముక్కని మీగడలో ముంచి నోట్లో వేసుకున్నాడు.

"పొడుగు ఆఖర్న చూసుకునేది మూకాషూ. జీనులు కుట్టేవాడివి, నీకు పట్టీ అంటే తోలూ దారమూ. నాకలా కాదు. బరువు కెమెరాకి సుఖమైన పట్టీ ఎంచుకోవడమంటే ఏంటో ఈ జిల్లా మొత్తంలో నాకొక్కడికే తెలుసు. గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు గానీ, ఉన్నమాట చెప్తున్నాను. ముందు నేను పడ్డ పాట్లు విను, ఆ తర్వాత కొయ్యి."

"మొదలెట్టాడు," అన్నాడు సపార్, గోడవారగా కూర్చున్న ముసలి లారీ డ్రైవరు. రేపటి లారీ ఆయనదే. "తుర్దుగుల్, నాకు ఇంకో గిన్నె పొయ్యమ్మా. ఇది ఇప్పట్లో తెమిలేది కాదు."

"నవ్వు బాబాయ్, నవ్వు. మొట్టమొదట కెమెరాతోపాటు పెట్టెలో వచ్చిన పట్టీ ఉండేది. వేలెడు వెడల్పు లేదు, మీద కంపెనీ పేరు మాత్రం ఇంతేసి అక్షరాలు. అది మెడలో వేసుకుని ఓ పెళ్ళికి వెళ్ళాను. పొద్దున్న ఎనిమిదింటికి వేసుకున్నాను, పెళ్ళికూతురు పుట్టింటి గడప దాటినప్పుడు ఫొటో తీశాను, అత్తారింటి గడప తొక్కినప్పుడు ఫొటో తీశాను, మధ్యలో మాంసం పళ్ళెం నా ముందు పెట్టినా కెమెరా కింద పెట్టలేదు. సాయంత్రం ఆరింటిదాకా మెడలోనే."

"ఇక్కడిదాకా నమ్మొచ్చు," అన్నాడు సపార్.

"నమ్మొచ్చు కాదు, జరిగింది. మెడ వెనకాల గాడి పడింది. చిన్నదేం కాదు, వేలు పెడితే దిగిపోయేది. మర్నాడు వాన. ఆ వాన నీళ్ళు నా టోపీ మీంచి జారి, ఆ గాడిలోకి దిగి, కుడి భుజం పక్కనుంచి ధారగా పోతున్నాయి. పోతుంటే ఎవరో వెనకాల్నుంచి లాగుతున్నట్టు అనిపించి తిరిగి చూశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గొర్రెలు! మూడు గొర్రెలు వరసగా నిలబడి నా మెడ దగ్గర నీళ్ళు తాగుతున్నాయి."

తుర్దుగుల్ కెటిల్ పక్కన పెట్టి నవ్వింది. "అన్నయ్యా, గొర్రెలకి మీ మెడ అందిందా?"

"వంగి ఫొటో తీస్తున్నాను కదమ్మా! మొత్తం వినకుండా మధ్యలో అడ్డం రాకు. సరే, మెడతో ఇక లాభం లేదని బిష్కెక్ వెళ్ళి సాగే పట్టీ కొన్నాను. రబ్బరు. కొట్టువాడు ఏం చెప్పాడనుకున్నారు? 'బరువు సగమైపోతుంది సార్' అన్నాడు. అయింది. నిలబడి ఉన్నంతసేపూ సగమే. గుర్రమెక్కాక చూడాలి నా తిప్పలు. గుర్రం ఒక్క గెంతు గెంతితే కెమెరా మోకాలికి తగిలేది, మళ్ళీ గెంతితే గడ్డానికి తగిలేది. పరుగెత్తించానా, ఇక అది నా మాట వినదు. పైకెళ్తుంది, దిగుతుంది, ఇంకా పైకెళ్తుంది. ఓసారి సరస్సు గట్టున అలా పైకెళ్ళింది చూడండీ, నేను గుర్రం ఆపి, దిగి, ఓ గుడారంలో గుర్రంపాలు రెండు గిన్నెలు తాగి, వాళ్ళ ముసలమ్మ ఆరోగ్యం అడిగి, బయటికొచ్చాను. అప్పుడు దిగింది."

"పట్టీ నీ మెడలోనే ఉంది కదరా?" అన్నాడు సపార్.

"ఉంది."

"గుడారంలోకి ఎలా వెళ్ళావ్?"

"పైన పొగ పోవడానికి కంత ఉంటుంది కదా బాబాయ్, దాంట్లోంచి పట్టీ. ఇంతోటిదానికి అడగాలా? ఆ కెమెరా ఊరికే దిగలేదు. దిగుతూ దిగుతూ సోన్‌కోల్ సరస్సు మొత్తాన్ని, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా, ఒకే ఫొటోలో తీసుకుని మరీ దిగింది."

"ఆ ఫొటో ఏది?"

"మబ్బు అడ్డొచ్చింది."

మూకాష్ తోలుని బల్ల మీద పరిచి అరచేత్తో రెండుసార్లు నిమిరాడు. "పొడుగెంత బావా?"

"వస్తున్నా, వస్తున్నా. ఆ రబ్బరు పట్టీ తీసి పారేసి కూర్చుని ఆలోచించాను. గుర్రానికి పొట్ట కింద కట్టే పట్టీ ఉంది. జీనూ మనిషీ కలిసి ఎంత బరువు, ఎంత పరుగు! గుర్రానికి ఎక్కడైనా గాడి పడుతోందా? పడదు. ఎందుకు పడదు? వెడల్పు. అంతే కిటుకు. అప్పుడు మీ నాన్నే కదా ఉన్నది దుకాణంలో, మహానుభావుడు, ఆయనచేత కుట్టించాను. రెండు పొరల తోలు, లోపల ఒత్తిన ఉన్ని, నాలుగు వేళ్ళ వెడల్పు. మెడలోంచి కాదు, ఒక భుజం మీంచి అడ్డంగా రెండో పక్క నడుం దగ్గరికి. ఓరి నాయనో, దాని సుఖం ఏం చెప్పను! వేసుకుంటే ఉన్నట్టే తెలీదు. ఒకరోజు కెమెరా పోయిందని ఊరంతా వెతికాను. సంతలో వెతికాను, మసీదు దగ్గర వెతికాను, పోలీస్ స్టేషన్‌కెళ్ళి ఫిర్యాదు రాయించాను. రాసుకున్న జవాను 'ఎలా ఉంటుంది మీ కెమెరా?' అన్నాడు. 'ఇదిగో ఇలా ఉంటుంది' అని తీసి చూపించాను."

సపార్ టీ గొంతులో అడ్డంపడి దగ్గాడు. "అది మాత్రం నిజమయ్యుంటుంది రా. నీ సంగతి నాకు తెలుసు."

బైషెనాలికి ఆ ఒక్కమాటతో ఊపొచ్చింది. టోపీ వెనక్కి తోసుకున్నాడు.

"ఇవన్నీ ఒక ఎత్తు, పదకొండేళ్ళ కిందటి ఆట ఒక ఎత్తు. మనవాళ్ళకీ నారిన్ వాళ్ళకీ, ఆ సోన్‌కోల్ దగ్గరే. ఇటు నలభై గుర్రాలు, అటు నలభై గుర్రాలు, మధ్యలో తల తీసిన మేక ఒకటి. దాన్ని లాక్కెళ్ళి అవతలివాళ్ళ తొట్టిలో పడేసినవాడిది పాయింటు. దుమ్ము ఎలా ఉందంటే, నా గుర్రం చెవులు నాకే కనబడటం లేదు. కెమెరాలోకి దుమ్ము పోతుందని నేనో తెలివైన పని చేశాను. మేకతోలు తొడుగు వేశాను. బొచ్చు పైకి పెట్టి."

"కోక్‌బోరు మైదానంలోకి మేకతోలు తొడుగుతో వెళ్ళావా?" అన్నాడు మూకాష్.

"అప్పుడు తట్టలేదురా! లెన్సుతో కలిపి చూస్తే సరిగ్గా కాళ్ళు ముడుచుకున్న మేకలా ఉంది. నారిన్ రౌతు ఒకడు దుమ్ములోంచి వచ్చాడు, ఒక కాలు రికాబులో పెట్టి కిందికి వాలాడు, నా నడుం దగ్గరున్న కెమెరాని బొచ్చు పట్టుకుని లాగాడు. వేరే పట్టీ అయితే ఏమయ్యేది? తెగేది, కెమెరా పోయేది. ఇది తెగదే! కెమెరాతోపాటు నేనూ వెళ్ళాను. నాతోపాటు నా గుర్రం. వాడు లాక్కుపోతున్నాడు, మనవాళ్ళు చూశారు, 'మేక పోతోంది, మేక పోతోంది' అని అరిచి వెనకబడ్డారు. ఒకడొచ్చి పట్టీ ఇటు పట్టుకున్నాడు. ఇంకొకడొచ్చి అటు. చివరికి ఇటు నలభైమందీ అటు నలభైమందీ పట్టీని లాగుతున్నారు, నేను మధ్యలో."

"నొప్పి పుట్టలేదా అన్నయ్యా?"

"అదే కదమ్మా నేను చెప్పేది! సుఖంగా ఉంది. ఉన్ని ఒత్తుగా ఉంది, అంచులు గుండ్రంగా తీశారు, ఎక్కడా కోసుకోదు. ఆ లాగుడులో నేను ఫొటోలు తీసుకుంటూనే ఉన్నాను. ఎనభై గుర్రాలు లాగుతున్నాయి, పట్టీ వెంట్రుకవాసి సాగలేదు. పట్టీ సాగలేదు గానీ, ఆ తర్వాత ఏమైందో తెలుసా? మైదానం సాగింది."

తుర్దుగుల్ లేచి కెటిల్ తీసుకొచ్చి, బైషెనాలి గిన్నెలో అంచుదాకా టీ పోసింది.

అతను గిన్నె వంక చూశాడు, ఆమె వంక చూశాడు. "ఏం చెల్లీ, నిండా పోశావేం? నిండా పోస్తే తాగేసి లేచి పొమ్మనేగా అర్థం?"

"మైదానం సాగిందన్నారు కదా. కడుపు కూడా సాగి ఉంటుందనుకున్నాను," అంది తుర్దుగుల్.

"నవ్వండి. సోన్‌కోల్ గుడారాలవాళ్ళని అడగండి. అంతకుముందు నీళ్ళకి వెళ్ళాలంటే నూటయాభై అడుగులు నడిచేవాళ్ళు, ఇప్పుడు మూడొందలు నడుస్తున్నారు. నామీద ఇప్పటికీ కోపం. సరే, నారిన్ వాళ్ళ బలం ఎక్కువైంది. నన్ను ఎత్తి, గుర్రంతో సహా, మన తొట్టిలో పడేశారు. ధన్‌మని పడ్డాను. రిఫరీలు ముగ్గురూ వచ్చి తొంగి చూశారు. 'ఇది మేక కాదు' అన్నాడొకడు. 'మేకతోలు ఉంది' అన్నాడు రెండోవాడు. అరగంట వాదించుకున్నారు. చివరికి నారిన్ వాళ్ళకి ఒకటిన్నర పాయింటు ఇచ్చారు. అర పాయింటు గుర్రానికి."

"పొడుగెంత బావా?" అన్నాడు మూకాష్. గొంతులో విసుగు లేదు, గొర్రెల్ని మేపుకునేవాడి ఓపికే ఉంది.

"ఆగరా, అసలుది ఇప్పుడొస్తోంది. తొట్టిలోంచి ఇలా లేచి నిలబడ్డానో లేదో, నీడ పడింది. పైకి చూశాను. డేగ! వేటడేగ, ఎవడో దాని కళ్ళకి తొడిగిన టోపీ తీసి వదిలేశాడు. దానికీ మేకే అనిపించింది పాపం, దాని తప్పేముంది. కాళ్ళతో పట్టీ పట్టుకుని లేచింది. నన్ను, కెమెరాని, మేకతోలుని. గుర్రం తొట్టిలోనే ఉండిపోయింది, దాని బాధ అది పడింది. డేగ నన్ను కొండ దాటించింది, కనుమ దాటించింది, నారిన్ ఊరి మీదికి తీసుకెళ్ళింది. కింద పెళ్ళి జరుగుతోంది. ఖాళీగా ఎందుకని పైనుంచే గ్రూపు ఫొటో తీశాను. 'అందరూ ఇటు చూడండి' అని అరిస్తే అందరూ ఎటో చూశారు. మూడోసారికి కుదిరింది. వాళ్ళు సంతోషించి మాంసం ముక్కలు పైకి విసిరారు, డేగ సగం, నేను సగం తిన్నాం."

"కొండ మీద చలి వెయ్యలేదూ?" సపార్ మొహం ఏమాత్రం కదపకుండా అడిగాడు.

"మేకతోలు కప్పుకున్నాను బాబాయ్. అలా రెండు గంటలు ఎగిరాక డేగ మూలగడం మొదలెట్టింది. దాని భుజాలు పట్టేశాయి. నాకు? నాకేం లేదు! అదీ పట్టీ అంటే. ఎత్తుకెళ్ళిన డేగకి నొప్పులు గానీ, వేలాడినవాడికి లేవు. ఓ బండ మీద దిగి ఆయాసపడుతుంటే నాకే జాలేసి, ఆ పట్టీతోనే డేగని వీపుకి కట్టుకుని, ఇటు కెమెరా, అటు డేగ, నడుచుకుంటూ కోచ్‌కోర్ వచ్చేశాను. చీకటి పడకముందే ఇంట్లో ఉన్నాను. డేగ దారంతా నిద్రపోయింది. అంత సుఖమైన పట్టీ."

అని ఆ నిండు గిన్నె రెండు చేతులతో ఎత్తి, ఒక్క చుక్క ఒలక్కుండా తాగాడు. మొహంలో ఎంతో తృప్తి.

సపార్ నెమ్మదిగా గడ్డం గోక్కున్నాడు. "ఒరేయ్ బైషెనాలీ. ఎనభై గుర్రాలు లాగితే తెగలేదు. డేగ ఎత్తుకుపోతే తెగలేదు. మరి ఇప్పుడెలా పోయిందిరా ఆ పట్టీ?"

బైషెనాలి ఆలోచించుకోకుండా నిజం చెప్పేశాడు. "మా కుక్కపిల్ల నమిలేసింది."

తుర్దుగుల్ బల్ల పట్టుకుని కూలబడింది. సపార్ కళ్ళు తుడుచుకున్నాడు. బైషెనాలి కూడా వాళ్ళతో కలిసి నవ్వాడు, "మీకు తెలీదు, దాని పళ్ళు చూడాలి మీరు" అంటూ.

మూకాష్ నవ్వలేదు. తాడు తీసుకుని లేచాడు. "చొక్కా తియ్యి బావా. నువ్వెలాగూ చెప్పవు, నేనే కొలుస్తాను."

"చొక్కా ఎందుకురా?"

"తియ్యవయ్యా. భుజం చూడకుండా పట్టీ ఎవడు కోస్తాడు?"

బైషెనాలి చొక్కా విప్పి, ఛాతీ విరిచి కూర్చున్నాడు. మూకాష్ అతని కుడి భుజం మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. ఎడమ భుజం నొక్కాడు. మెడ వెనక చూశాడు. మళ్ళీ కుడి భుజం దగ్గరికొచ్చి, గుర్రం బేరానికొచ్చినవాడిలా అరచేత్తో నిమిరాడు.

"సపార్ బాబాయ్, ఇలా రా. నువ్వూ గుర్రాలు పెంచినవాడివే కదా. జీను మోసిన గుర్రాన్ని ఎలా గుర్తుపడతావ్?"

"వీపు మీద జీను ఒరిసినచోట తెల్ల వెంట్రుకలు మొలుస్తాయి. చెయ్యి పెడితే గట్టిగా తగుల్తుంది. ఎవర్నీ అడగక్కర్లేదు."

"మా బావ మీద చెయ్యి పెట్టు."

సపార్ పెట్టాడు. "మీగడలా ఉంది," అన్నాడు.

"ముప్పై ఏళ్ళు ఆరు కిలోలు మోసిన భుజం ఇలా ఉండదు బావా," అన్నాడు మూకాష్. "ఇది జీనెరగని భుజం. కాయ కాసిన భుజం ఒకటి మావాళ్ళలో నాకు తెలుసు. కుడిది. పోయిన నెల్లో అల్లం నూరి పట్టు వేసుకుంటుంటే చూశాను. మా అక్కది. గుర్రానికి పట్టీ కుట్టేటప్పుడు గుర్రం మీద కొలత తీసుకుంటాం గానీ, రౌతు చెప్పింది విని కొయ్యం. నువ్వే చెప్తావేమోనని ఇంతసేపూ అడిగాను."

బైషెనాలి చొక్కా ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. అంత మనిషీ చిన్నబోయాడు.

"నేను కెమెరా మీట నొక్కుతాను, అంతే," అన్నాడు. "కొండ ఎక్కేటప్పుడు తనే మోస్తుంది. దిగేటప్పుడూ తనే. ఫొటో కనబడ్డప్పుడు నేను చెయ్యి చాపుతాను, తను అందిస్తుంది. నేను అడగలేదురా మూకాషూ, మొదటిరోజు నించీ తనే తీసుకుంది. అయినా, తిరిగి నాకిమ్మని నేను ఎప్పుడూ అడగలేదు, అదే తప్పు."

తుర్దుగుల్ కిటికీ తెరిచి వీధిలోకి కేకేసింది. "బురుల్ వదినా! ఒకసారి రా!"

ఎదురుగా ఉల్లిపాయలు ఏరుకుంటున్న బురుల్ వీధి దాటి వచ్చింది. సన్నటి మనిషి, మొగుడి ఛాతీ దాకా వస్తుందేమో. కెమెరా ఆమె భుజం మీదే ఉంది, పట్టీ లేదు కాబట్టి గుర్రాన్ని కట్టే తాడుతో. తాడు కింద జాకెట్టు నలిగి, మెడ పక్కన ఎర్రగా వాతలా తేలింది. అది చూసి బైషెనాలికి నిజంగానే సిగ్గేసింది. లేచి, గబగబా కెమెరా అందుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలీక రెండు చేతులతో పొట్టకి హత్తుకున్నాడు.

"ఇదేంటి, చొక్కా లేకుండా?" అంది బురుల్.

"ఏం లేదక్కా. రేపటి పట్టీకి కొలత. ఇక్కడ నిలబడు. ఎలా కావాలో చెప్పు."

బురుల్ ఆలోచించలేదు. "కుడి భుజం మీంచి అడ్డంగా. నాలుగు వేళ్ళ వెడల్పు, లోపల ఉన్ని. కుట్టు భుజం ఎముక మీదికి రానివ్వకు, కింద పక్కకి తిప్పు. కొక్కెం వెనకాల కాదు, ముందు పెట్టు, నాకు నేను విప్పుకోవాలి. పొడుగు, కెమెరా నా తుంటి పైన ఆనాలి, కిందికి జారితే నడుస్తుంటే ఊగుతుంది."

మూకాష్ ఆమె భుజం మీంచి తాడు పోనిచ్చి, తుంటి దగ్గర ముడి వేసి గుర్తుపెట్టుకున్నాడు. తోలు బల్ల మీద సరిచేసి, కత్తి పెట్టి ఒక్క లాగున కోశాడు.

"రేపు కొండ ఎక్కేటప్పుడు నేను మోస్తాను," అన్నాడు బైషెనాలి, కెమెరాని ఇంకా వదలకుండా.

"మీరా? వద్దండీ బాబూ, ఎక్కడ పెట్టారో మర్చిపోతారు," అంది బురుల్, నవ్వుతూ అతని చేతుల్లోంచి కెమెరా తీసుకుని. "అంత మొయ్యాలనుంటే నీళ్ళ డబ్బా మొయ్యండి, గుడారం కట్టెలు మొయ్యండి. కెమెరాలో మీకు నేను అప్పజెప్పింది లెన్సు మూత ఒక్కటే. ముప్పై ఏళ్ళలో పదకొండు పారేశారు."

"పదకొండేంటి, నలభై ఉంటాయి!" అన్నాడు బైషెనాలి, చొక్కా తొడుక్కుంటూ, ఛాతీ విరుచుకుని.